అట్టడుగున ఉన్నది బడేనా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లో జిల్లాల పట్టిక పడుతుంది. పైనున్న జిల్లా కలెక్టరు ఫొటో ఒక పక్క, కిందున్న జిల్లా విద్యాశాఖాధికారికి చీవాట్లు ఇంకో పక్క. ఆ సాయంత్రానికల్లా టీ కొట్టు నుంచి టీవీ చర్చ దాకా ఒకటే మాట. “లక్ష రూపాయల జీతం తీసుకుంటారు, పాఠం మాత్రం చెప్పరు. ప్రైవేటు బళ్లో పదిహేను వేలకు పనిచేసేవాడు నూటికి నూరు తెప్పిస్తుంటే వీళ్లకేం రోగం?” అలా అనేవాళ్లలో చాలామంది సర్కారు బడిలోనే చదివి పైకొచ్చినవాళ్లు. పిల్లల్ని మాత్రం అటు పంపరు.

2024లో ఆంధ్రప్రదేశ్ పట్టికలో అట్టడుగున ఉన్నది కర్నూలు జిల్లా. రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం పాసైతే కర్నూలులో 62.47. మొదటి స్థానంలో ఉన్న పార్వతీపురం మన్యం జిల్లాలో 96.37. అంతకు ముందు ఏడాది, 2023లో, అట్టడుగు నంద్యాలది, 60.39 శాతం. అంటే ఉమ్మడి కర్నూలు జిల్లా రెండు ముక్కలూ వరసగా ఆఖరి బెంచీ ఎక్కాయి. తెలంగాణలో ఆ బెంచీ వికారాబాద్‌ది. 2023, 2024, 2025, మూడేళ్లూ అదే ఆఖరు. హైదరాబాదు నుంచి రెండు గంటల దూరం కూడా లేని జిల్లా అది.

ఈ అంకెలతో నాకు పేచీ లేదు. అంకెల కింద రాసే తీర్పుతోనే నా తగవు. పేద ప్రాంతంలో ఉన్న హైస్కూలును దాని పదో తరగతి ఉత్తీర్ణత శాతంతో తూచడం తప్పు. అలా తూచి హెడ్మాస్టరుకు మెమో ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. ఆ మెమో దెబ్బ చివరికి తగిలేది ఎవరి మేలు కోరి ఇచ్చామంటున్నారో ఆ పిల్లలకే.

కర్నూలు పడమటి మండలాలు ఒకసారి చూడండి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, హాలహర్వి, ఆస్పరి, దేవనకొండ. కోసిగి, కౌతాళం అంచునే తుంగభద్ర పారుతుంటుంది. చాలా పొలాలకు మాత్రం వానే దిక్కు. పత్తి, ఉల్లి, వేరుశనగ వేస్తారు. వాన కుదిరితే ఆ నాలుగు నెలల పంట, కుదరకపోతే అదీ లేదు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం, రాష్ట్ర సగటు 67. జిల్లాలోనూ ఈ పడమటి మండలాలు బాగా దిగువన ఉంటాయి. ఇక్కడ పదో తరగతి రాసే పిల్లల్లో చాలామందికి ఇంట్లో పుస్తకం పట్టిన మొదటి చెయ్యి తమదే.

దసరా, దీపావళి దాటాక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు మిరప కోతకు, తెలంగాణకు పత్తి తీతకు, కొందరు బెంగళూరు కట్టుబడి పనులకు. సాయంత్రం ఐచర్ వాహనం వచ్చి ఆగుతుంది. బియ్యం మూట, గిన్నెలు, పరదా పట్టలు, చంటిబిడ్డ ఊయలకు పాత చీర, అన్నీ ఎక్కుతాయి. ఇంటికి తాళం పడుతుంది, తాళంతో పాటు ఊరి బడిలో రెండు పేర్ల ఎదుట గైరుహాజరు మొదలవుతుంది. మిరప కోతకు చాలాచోట్ల కిలోకింత అని కూలి. ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్ని కిలోలు. పద్నాలుగేళ్ల పిల్ల చేతులు పెద్దవాళ్ల చేతులకు ఏమాత్రం తీసిపోవు. జనవరి నుంచి మార్చి దాకా కోత జోరు మీద ఉంటుంది. పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఈ రెండు క్యాలెండర్లను ఒకే పిల్ల నడుం మీద వేసి, తర్వాత అది ఎందుకు వంగిందని బడిని అడుగుతున్నాం.

ఆ వైపు జిల్లా పరిషత్ హైస్కూలు ఒకదానికి ఒక జనవరిలో వెళ్లాను. పదో తరగతి హాజరు పట్టీ తిరగేస్తే జూన్, జులై, ఆగస్టు పేజీలు మామూలుగా ఉన్నాయి. నవంబరు పేజీలో కొన్ని వరసలు అడ్డంగా ఎర్రబడ్డాయి. డిసెంబరులో ఆ ఎరుపు పేజీ సగానికి పాకింది. లెక్కల సారు నలభై ఏళ్ల మనిషి, రోజూ ఆదోని నుంచి బస్సులో వస్తాడు. “త్రికోణమితి మొదలుపెట్టే వేళకు సగం మంది ఉండరు సార్. ఫిబ్రవరిలో కొందరు తిరిగొస్తారు. వాళ్లకు సైనూ కొసైనూ మొదట్నుంచి చెప్పాలా, ఉన్నవాళ్లకు రివిజన్ చేయించాలా? ఒక్క పీరియడే కదా నాకున్నది” అన్నాడు. అప్పుడే తిరిగొచ్చిన ఒక అమ్మాయిని చూపించాడు. మిరపకాయల ఘాటుకు ఆ పిల్ల వేళ్ల కొసలు పొట్టు లేచి ఉన్నాయి. పెన్ను మూడు వేళ్లతో కాక, పిడికిలిలో పట్టుకుని రాస్తోంది. ఆ సారుకు ఆ ఏడాది ఫలితాల తర్వాత సంజాయిషీ నోటీసు వచ్చిందో లేదో నేను వాకబు చేయలేదు. వచ్చే ఉంటుందని నా అనుమానం.

“మరి తల్లిదండ్రులు పిల్లల్ని బడిలో వదిలి వెళ్లొచ్చు కదా” అంటారు. అదే బడి గేటు దగ్గర ఒక తల్లిని అడిగాను. “ఆడపిల్లని ఒక్కదాన్నే ఇడిసిపెట్టి యాడికి పోతాం సార్? మా అత్తకే ఎవురన్నా గంజి పోయాల. రేపు ఏమన్నా అయితే ఎవురు జవాబు?” అంది. ఈ జవాబులో మొండితనం లేదు, లెక్క ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల వయసు ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లి అయింది. ఒంటరిగా వదిలిన ఆడపిల్ల గురించి ఊరు ఏమంటుందో ఆ తల్లికి తెలుసు. వెంట తీసుకుపోతుంది, లేదంటే పెళ్లి చేసి పంపుతుంది. రెండింట్లో ఏది జరిగినా బడి పట్టీలో ఒక పేరు మాసిపోతుంది.

ఇలాంటి పిల్లల కోసం సమగ్ర శిక్షా పథకం కింద సీజనల్ హాస్టళ్లు అన్న ఏర్పాటు ఉంది. తల్లిదండ్రులు వలసపోయినన్నాళ్లు పిల్లలు ఊరి బడిలోనే తిని, అక్కడే పడుకుని, చదువుకోవాలి. ఆలోచన బంగారం. ఆచరణలో మంజూరు కాగితం ఐచర్ వెళ్లిపోయాక వస్తుంది. పిల్లలు చేలో ఉండగా హాస్టలు తెరిస్తే అందులో పడుకునేది ఎవరు?

ఇప్పుడు అవతలి పక్షం వాళ్ల బలమైన మాటకు వద్దాం. “పేదరికం పేదరికం అంటూ ఆడలేక మద్దెల ఓడంటున్నారు. పార్వతీపురం మన్యం కర్నూలు కంటే సంపన్న జిల్లానా? గిరిజన జిల్లా. 2023, 2024, 2025, మూడేళ్లూ అదే ఫస్టు. వాళ్లకు చేతనైంది మీకెందుకు చేతకాదు?”

ఈ ప్రశ్నను తప్పించుకోను, ఇది అడగాల్సిన ప్రశ్నే. పేదరికం తలరాత కాదనీ, బడి శ్రమిస్తే తేడా వస్తుందనీ మన్యం రుజువు చేసింది. అయితే ఆ రుజువుతో కర్నూలు మాస్టారును కొట్టేముందు పట్టికను చివరి దాకా చదవాలి. 2025లో మన్యం 93.90 శాతంతో మొదటిదైతే, అట్టడుగున 47.64 శాతంతో ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లా. అదీ గిరిజన జిల్లాయే. రెండూ 2022లో ఒకే రోజు పుట్టాయి, రెండింట్లోనూ గిరిజన సంక్షేమ శాఖ ఆశ్రమ పాఠశాలలు నడుస్తున్నాయి. ఒకటి నెత్తిన, ఒకటి పాదాల దగ్గర. పేదరికం ఒక్కటే కారణమనేవాళ్ల వాదం ఇక్కడ తెగిపోతుంది, ఒప్పుకుంటాను. టీచర్ల సోమరితనం ఒక్కటే కారణమనేవాళ్ల వాదం కూడా ఇక్కడే తెగాలి. ఒక ఏజెన్సీ టీచర్లంతా రుషులు, ఇంకో ఏజెన్సీ టీచర్లంతా దొంగలు అని నమ్మగలిగేవాళ్లు ఉంటే వాళ్లతో వాదించి లాభం లేదు.

మన్యానికీ కర్నూలు పడమటికీ పోలికలో అసలు ముడి వేరేచోట ఉంది. ఆశ్రమ పాఠశాల పిల్ల రాత్రి ఎక్కడ పడుకుంటుంది? బడిలోనే. తెల్లవారుజామున స్టడీ అవరు, మూడు పూటలా తిండి, పక్కనే వార్డెను. కొండ మీద తల్లిదండ్రులు ఏ పనికి పోయినా పిల్ల మంచం కదలదు. జిల్లా పరిషత్ హైస్కూలు పిల్ల సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి పోతుంది. ఇల్లే ఐచర్ ఎక్కి వెళ్లిపోతే ఇంకెక్కడికి పోతుంది? ఈ రెండు రకాల బళ్లను ఒకే తక్కెడలో వేసి శాతాలు చదవడం గణితం కాదు.

ఈ తేడా ప్రభుత్వానికి తెలియదనుకుంటే పొరపాటు. బాగా తెలుసు, రాసి పెట్టుకుంది కూడా. 2008లో పల్లె పిల్లల కోసం పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అదే మన ట్రిపుల్ ఐటీల, ప్రవేశాలకు ఒక నిబంధన ఉంది. సర్కారు బడిలో, అదీ హాస్టలు వసతి లేని బడిలో చదివిన పిల్లలకు పదో తరగతి మార్కులకు అదనంగా 4 శాతం కలుపుతారు. వెనకబాటు స్కోరు అని దాని పేరు. గురుకులంలో చదివిన పేదపిల్లకు అది లేదు, ఇంటి నుంచి నడిచి వచ్చే పేదపిల్లకు ఉంది. ఇల్లు వేరు, హాస్టలు వేరు అనీ, ఒకే మార్కు రెండు చోట్ల రెండు బరువులు తూగుతుందనీ రాష్ట్రమే చట్టబద్ధంగా ఒప్పుకున్నట్టు కదా ఇది. పిల్లను తూచేటప్పుడు ఉన్న ఈ బుద్ధి ఆ పిల్లకు పాఠం చెప్పిన బడిని తూచేటప్పుడు ఎందుకు ఉండదు? పిల్లకు 4 శాతం కలిపి సీటిచ్చిన చేత్తోనే ఆ బడి హెడ్మాస్టరుకు నోటీసు ఎలా ఇస్తారు?

శాతం అన్నదాని లోపల ఏముందో కూడా ఎవరూ చూడరు. 2025లో 6,14,459 మంది రాశారు, 4,98,585 మంది పాసయ్యారు, 81.14 శాతం. హారంలో ఉన్నది పరీక్ష రాసినవాళ్లు మాత్రమే. ఆరో తరగతిలో చేరి ఎనిమిదిలో మానేసినవాళ్లు ఈ లెక్కలో లేరు. తొమ్మిదిలో పెళ్లయిన పిల్ల లేదు. సుగ్గికి పోయి పరీక్షకు రాలేకపోయిన పిల్లవాడు లేడు. ఉదాహరణకు ఒక బడిలో ఆరో తరగతిలో వందమంది చేరారనుకోండి. నలభై మందిని దారిలో జారవిడిచి, మిగిలిన అరవైలో యాభై ఎనిమిది మందిని పాస్ చేయిస్తే ఆ బడికి 97 శాతం వచ్చి సన్మానం. పక్క బడి తొంభై మందిని పది దాకా లాక్కొచ్చి డెబ్బై మందిని పాస్ చేయిస్తే 78 శాతం వచ్చి మెమో. డెబ్బై మంది పిల్లల చేతికి సర్టిఫికెట్ ఇచ్చిన బడి దోషి, యాభై ఎనిమిది మందికి ఇచ్చినది ఆదర్శం. ఈ లెక్క వేసినవాళ్లచేత నిజానికి పదో తరగతి లెక్కల పేపరు రాయించాలి.

టీచర్లకు ఈ కిటుకు తెలియదనుకోకండి. ఉత్తీర్ణత శాతానికే మెమో అయితే, నవంబరులో మాయమైన పిల్ల కోసం ఇంటికి వెళ్లడం హెడ్మాస్టరుకు నష్టం. ఆమె తిరిగొచ్చి, పరీక్ష రాసి, తప్పితే శాతం పడిపోతుంది. రాకపోతే శాతం నిలబడుతుంది. తొమ్మిదో తరగతిలోనే బలహీనమైన పిల్లల తండ్రులను పిలిచి, వీడికి చదువు అబ్బదు, టీసీ తీసుకెళ్లి ఓపెన్ స్కూల్లో కట్టించండి అని ప్రేమగా సలహా ఇచ్చే ప్రైవేటు బళ్లు ఎన్ని లేవు! సర్కారు బడి ఇన్నాళ్లూ ఆ పని చేయలేదు. మెమోల ఒత్తిడి ఇలాగే సాగితే అదీ నేర్చుకుంటుంది.

ప్రైవేటు బడితో పోలిక సంగతి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 180 పల్లెల్లో ఒక పెద్ద ప్రయోగం చేశారు. ప్రాథమిక బడి పిల్లల్లో ప్రైవేటుకు పోతామన్నవాళ్ల పేర్లతో లాటరీ వేశారు. గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు, ఓడినవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత రెండు గుంపులకూ పరీక్ష పెడితే తెలుగులోనూ లెక్కల్లోనూ తేడా లేదు. 2015లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లల ఇళ్ల స్థితి ఒకేలా ఉంటే, ప్రైవేటు బడి గొప్పతనమని మనం అనుకునేదాంట్లో చాలాభాగం ఆవిరైపోతుందన్నమాట. ఆ బడి నూటికి నూరులో సగం ఘనత ఫీజు కట్టగలిగిన తల్లిదండ్రులది, సాయంత్రం హోంవర్కు చూసే ఇంటిది. 2024లో ఒక్కరు కూడా పాస్ కాని బళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 17 తేలితే, వాటిలో అత్యధికం ప్రైవేటువే. ఆ వార్తకు టీ కొట్టు దగ్గర గిరాకీ లేదు.

అదే అధ్యయనంలో నా పక్షానికి మింగుడుపడని సంగతి కూడా ఉంది, దాచను. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. పైగా ప్రైవేటు బళ్లు ఒక్కో పిల్ల మీద పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. మూడింతలు ఖర్చు పెట్టి అదే ఫలితం తెచ్చే వ్యవస్థను వెనకేసుకు రావడం కష్టం. అలాగే 2003లో దేశంలో సర్కారు బళ్లను చెప్పాపెట్టకుండా తనిఖీ చేసిన సర్వేలో నాలుగో వంతు టీచర్లు బడిలో లేరు. రియల్ ఎస్టేటు, చిట్టీలు, యూనియన్ ఆఫీసుల్లో కాలక్షేపం చేసే టీచర్లను మనందరం చూశాం. వాళ్ల మీద చర్య తీసుకోవద్దని ఏ బుద్ధిమంతుడూ అనడు. కానీ ఆ పని చేయడానికి ఉత్తీర్ణత శాతం పనికిరాదు. కలిగిన ఊళ్లో సోమరి టీచరు బడికి 90 వస్తుంది, ఆదోని బస్సులో వచ్చే లెక్కల సారు బడికి 50 వస్తుంది. శాతం చూసి చర్య తీసుకుంటే మొదటివాడికి శాలువా, రెండోవాడికి నోటీసు. ఇదీ జరుగుతున్నది.

అసలు ఆ బళ్లలో లెక్కల సారు ఉన్నాడా అన్నది ముందు ప్రశ్న. 2018 నాటి డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున నియామకాలు జరిగింది 2025లోనే. ఆ మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు. ఉమ్మడి జిల్లాల వారీగా చూస్తే అన్నింటికంటే ఎక్కువ ఖాళీలు తేలింది కర్నూలులో, రెండున్నర వేలకు పైగా. ఫలితాల్లో వరసగా రెండేళ్లు ఆఖరు వచ్చిన ఉమ్మడి జిల్లాయే ఖాళీల్లో మొదటిది. ఈ రెండు పట్టికలనూ పక్కపక్కన వేసిన పేపరు నాకు కనపడలేదు. బదిలీల కౌన్సెలింగులో పట్నానికి దగ్గర్లో ఉన్న బళ్లు ముందు నిండిపోతాయి, అవకాశం దొరికిన ప్రతివాడూ కోసిగి వదిలి కర్నూలు చేరతాడు. మిగిలిన చోట ఫిజిక్సు సారు లెక్కలు చెబుతాడు, పీఈటీ సారు సోషల్ పేపర్లు దిద్దుతాడు. లేని టీచరుకు నోటీసు ఇవ్వలేరు గనుక ఉన్న టీచరుకే ఇస్తారు.

భాష సంగతి ఇంకొకటి. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది కన్నడం. బడిలో నేర్చేది తెలుగు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. 2025లో పదో తరగతి రాసిన పిల్లల్లో అత్యధికులు ఇంగ్లీషు మీడియం వాళ్లు, జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి సిలబస్‌తో. ఆ పేజీల మధ్య ఇరుక్కున్న కన్నడ పిల్లకు తెలుగు పేజీ రెండో భాష, ఇంగ్లీషు పేజీ మూడోది. అయిదో తరగతిలోనే ఈ పిల్లలు వెనకబడి ఉంటారు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో, 2022లో, దేశంలోని పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. మిగిలినవాళ్లు హైస్కూల్లోకి అలాగే నడిచి వస్తారు. ఆరో తరగతిలో ‘అమ్మ’, ‘ఆవు’ దగ్గర ఆగిపోయిన పిల్లను పదో తరగతికి త్రికోణమితి దాకా తీసుకురావడమే ఒక సాధన. ఆమె 33 మార్కులు తెచ్చుకుని రెండు మార్కుల తేడాతో తప్పితే మన పట్టికలో అది సున్నా. చదవడమే రాని పిల్లను 33 దాకా మోసుకొచ్చిన బడీ సున్నా, 90 తెచ్చుకునే పిల్లను చేర్చుకుని 85కు దించిన బడీ నూరు.

ఇక ఆ శాతం ఎంత గట్టి కొలమానమో దాని ఎగుడుదిగుళ్లే చెబుతాయి. 2019లో రాష్ట్రంలో 94.88 శాతం. 2020లోనూ 2021లోనూ పరీక్ష లేకుండానే అందరినీ పాస్ చేశారు. 2022లో 67.26. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో మళ్లీ కిందికి, 81.14. లక్షలాది టీచర్లు మూడేళ్లలో ఒక్కసారిగా సోమరులై, ఇంకో రెండేళ్లలో మళ్లీ మారుమనసు పొందారా? కోవిడ్ రెండేళ్ల చదువు తినేసింది, పేపర్ల తీరు మారింది, పరీక్ష కేంద్రాల్లో పట్టు బిగిసింది, సిలబస్ మారింది. ఇన్ని చేతులు తిప్పే ముల్లును ఒక హెడ్మాస్టరు చేతిలో పెట్టి, ఎందుకు తిరిగింది అని అడుగుతున్నారు.

ఈ పట్టిక భయంతో బడి ఏం చేస్తుందో చూశాను. డిసెంబరు రాగానే వంద రోజుల ప్రణాళిక. పిల్లల్ని ఎ, బి, సి, డి గుంపులుగా విడదీస్తారు. సి, డి పిల్లలకు పాస్ మెటీరియల్, పది ప్రశ్నలు, పది జవాబులు, బట్టీ. ఒక్కో టీచరుకు కొందరు పిల్లల దత్తత. రోజూ స్లిప్ టెస్టు, సాయంత్రం ఆ మార్కులు వాట్సాప్ గ్రూపులో ఎంఈఓకు. ఈ వంద రోజులూ ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు దిక్కులేనివవుతాయి. ఎందుకంటే వాళ్లకు పట్టిక లేదు. నేను చూసిన బడిలో ఏడో తరగతి పిల్లలు ఆ మధ్యాహ్నం వరండాలో కూర్చుని తమలో తామే ఎక్కాలు చెప్పుకుంటున్నారు. వాళ్ల టీచరు పదో తరగతి ‘డి’ గుంపు దగ్గర ఉన్నాడు. మూడేళ్ల తర్వాత ఆ ఏడో తరగతే పదో తరగతి అయి పట్టిక ఎక్కుతుంది. పట్టిక భయంతో ఇవాళ వాళ్లను వదిలేసి, ఆనాటి పట్టికకు ఇప్పుడే తప్పుడు విత్తనం వేస్తున్నారు.

“అయితే బడికి జవాబుదారీ వద్దంటావా?” అని అడుగుతారు. వద్దని ఎవరన్నారు? గట్టి జవాబుదారీ కావాలి, ఇప్పటికంటే గట్టిది. ఆరో తరగతిలో చేరినవాళ్లలో ఎంతమంది పదో తరగతి పరీక్ష హాలు దాకా వచ్చారో లెక్క తీయండి. చేరినప్పుడు చదవడం రాని పిల్లలు రెండేళ్లకు ఎంత చదవగలుగుతున్నారో కొలవండి. ఎవరు ఎక్కడ మొదలుపెట్టి ఎంత దూరం నడిచారన్నది చూస్తే నిజంగా పాఠం ఎగ్గొట్టే టీచరు ఒక్క ఏడాదిలో దొరికిపోతాడు. ఇప్పుడు అతను ఊరి సంపద చాటున దాక్కుంటున్నాడు. హాస్టలు బళ్లనూ ఇంటి నుంచి వచ్చే పిల్లల బళ్లనూ వేరు వేరు పట్టికల్లో వేయండి, ట్రిపుల్ ఐటీ సీట్ల దగ్గర ప్రభుత్వమే నేర్పిన పద్ధతి అది.

జవాబుదారీ అన్నది కింది నుంచి పైకి కూడా పోవాలి. హెడ్మాస్టరు సంజాయిషీ అడిగే ముందు, ఆ బడిలో లెక్కల పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉందో విద్యాశాఖ చెప్పాలి. పడమటి మండలాల్లో ఏ ఊరి నుంచి ఎన్ని ఇళ్లు ఏ నెలలో వలసపోతాయో పంచాయతీ కార్యదర్శికి తెలుసు, ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటుకు తెలుసు, ఐచర్ డ్రైవరుకు తెలుసు. అక్టోబరు మొదటి వారానికి సీజనల్ హాస్టలు తలుపులు తెరిచి, ఒక వార్డెనునీ, ఆడపిల్లల కోసం ఒక ఆయమ్మనీ పెట్టడానికి సమగ్ర శిక్షా అధికారులకు అంతకంటే సమాచారం అక్కర్లేదు. వచ్చే ఏప్రిల్‌లో ఫలితాల పట్టిక వేసేటప్పుడు ఆఖరి వరసలో ఉన్న జిల్లా పేరు పక్కన ఇంకో రెండు గడులు పెట్టండి. ఒకదాంట్లో ఆ జిల్లాలో ఖాళీగా ఉన్న సబ్జెక్టు టీచర్ల సంఖ్య, రెండోదాంట్లో ఆ ఏడాది సీజనల్ హాస్టళ్లకు మంజూరు కాగితం వచ్చిన తేదీ.